జూదపు జబ్బు: వైద్యం చేయిస్తే అయ్యే ఖర్చు, చేయించకపోతే అయ్యే ఖర్చు

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు కార్యవర్గం వారు మాకు అప్పగించిన విషయం కొంచెం చేదైనది. జూదం గురించి చెప్పమన్నారు. జూదం హరామని చెప్పడానికి మేము నిలబడలేదు. అల్ బఖరా సూరా 219వ ఆయతులోను, అల్ మాయిదా సూరా 90, 91 ఆయతుల్లోను మద్యంతో కలిపి జూదాన్ని గురించి ఏమి ఆదేశమున్నదో మదరసాకు వెళ్లే పిల్లవాడు కూడా చెప్పగలడు. జుమ్మా ఖుత్బాలో ఇమాం సాహెబు మాకంటె బాగా చెప్తారు. మాకు పెద్దలిచ్చిన పని వేరు. జూదానికి బానిసైపోయిన మనిషికి వైద్యం చేయించాలంటే ఎంత అవుతుంది, ఆ సొమ్ము ఎక్కడనుండి తేవాలి, ముందుగా లెక్క ఎలా వేసుకోవాలి, ఇంతవరకే. లెక్కలంటే బడిపంతుళ్ల పని గనుక మాకు అప్పగించి యుంటారు.

మొదటే ఒక మాట మనవి చేస్తాము. ఈ సభలో ఎవరి ఇంటి సంగతీ మేము చెప్పబోవడం లేదు. చెప్పే ఉదాహరణలన్నీ లెక్క కోసం అనుకున్నవి. "ఇది ఫలానా వారి గురించే" అని ఎవ్వరూ పక్కకు తిరిగి చూడవద్దు. ఈ జబ్బును దాచిపెట్టేలా చేస్తున్నది ఆ చూపే.

ఆట మారింది, అడ్డా మారింది

మన ఉత్తరాంధ్రకు జూదం కొత్త కాదు. విజయనగరం గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం నాటకంలోనే పేకాట రంగం ఉంది. సంక్రాంతికి కోడిపందాలు, తీర్థాల్లో గుండాట, తోటల్లో కోతాట, మూడుముక్కలాట, టౌన్లలో మట్కా చీటీలు, ఇవన్నీ పెద్దలు ఎరిగినవే. కాని ఆ రోజుల్లో జూదానికి ఒక చోటు ఉండేది. ఫలానా తోటకు వెళ్లాడంటే ఊరికి తెలిసేది. పెందలకడ తండ్రి వెళ్లి చెయ్యి పట్టుకొని ఇంటికి తెచ్చేవాడు.

ఇప్పుడు అడ్డా జేబులోకి వచ్చింది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో బండి కోసం నిలబడ్డ పదిహేను నిమిషాల్లో, ఇంట్లో దుప్పటి కప్పుకొని పడుకున్నప్పుడు, క్రికెట్ మ్యాచి బంతి బంతికీ పందెం కాయవచ్చు. చేతి నుండి నోట్లు పోవడం కనిపించదు, అంకెలు మాత్రం తగ్గుతాయి. పక్కనున్న భార్యకే తెలియదు, ఇక ఊరికేం తెలుస్తుంది?

చట్టాలు లేవని కాదు. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని కూడా నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి ఒక చట్టం చేసి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆ చట్టంలో శిక్ష ఆట నడిపేవాడికి, దానికి ప్రకటనలు చేసేవాడికి, డబ్బు చేరవేసేవాడికి. ఆడినవాడికి అందులో శిక్ష పెట్టలేదు. "రమ్మీ తెలివితేటల ఆట, కోర్టే చెప్పింది" అని వాదించే కుర్రవాళ్లున్నారు. నిజమే, సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అన్నది. అదే తీర్పులో, ఆ ఆట మీద క్లబ్బు లాభం తీస్తుంటే సంగతి వేరని కూడా అన్నది. ఆ రెండో ముక్క మనవాళ్లు చెప్పరు. అయినా తెలివితేటల ఆటలో ఇల్లు పోతే అది ఇల్లు కాకుండా పోతుందా?

చట్టం దుకాణం మూయించగలదు. అలవాటైపోయిన మనిషి మనసును మూయించలేదు. అక్కడ కావలసింది వైద్యం.

ఇది జబ్బేనా?

"ఒళ్లు పొగరు, నాలుగు తగిలిస్తే తగ్గుతుంది" అనేవారు చాలామంది. ప్రపంచ వైద్యులు అలా అనడం లేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లోనే దీన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. 2013లో మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన కూర్చోబెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి పదకొండవ జబ్బుల పట్టిక 2022 జనవరి నుండి అమలులోకి వచ్చింది. అందులోనూ జూదవ్యసనం ఒక రుగ్మతగా ఉంది.

పండుగకు ఒకనాడు పేక పట్టినవాడు తప్పు చేశాడు, కాని వాడు రోగి కాదు. రోగి గుర్తులు వేరు. ఇక ఆడనని ఒట్టు పెట్టుకొని మళ్లీ ఆడతాడు. మొదట వంద చాలిన చోట తర్వాత వెయ్యి కావాలి. ఆడకుండా ఉంటే చిరాకు, నిద్ర పట్టదు. అన్నిటికంటె ముఖ్యమైన గుర్తు, పోయినదాన్ని ఆటలోనే రాబట్టుకోవాలన్న తపన. పదివేలు పోతే ఆ పదివేల కోసం ఇరవై వేలు అప్పు తెస్తాడు. ఆ అప్పు గురించి అబద్ధం చెప్తాడు. వాడు చెడ్డవాడు గనుక అబద్ధం చెప్తున్నాడని మనమనుకుంటాం. ఆ అబద్ధం జబ్బులో ఒక భాగమని వైద్యులంటారు.

వైద్యమంటే ఏమిటి? ఇంజక్షను ఒకటి పొడిపిస్తే పోయేది కాదు. జూదం మాన్పడానికంటూ ప్రత్యేకించిన మందు బిళ్ల లేదు. మానసిక వైద్యుడు ముందు పరీక్షించి, దిగులు జబ్బు గాని తాగుడు గాని కలిసి ఉన్నదేమో చూస్తాడు. ఉంటే దానికి మందులిస్తాడు. కొందరికి ఆడాలన్న కోరికను తగ్గించే మందు కూడా వాడతారు. అసలు వైద్యం మాటలతో జరిగేది. కౌన్సెలింగు చేసే సైకాలజిస్టు వారం వారం కూర్చోబెట్టి, "ఈసారి తప్పక తగులుతుంది" అనే ఆలోచన ఎప్పుడు పుడుతున్నది, ఎందుకు పుడుతున్నది, పుట్టినప్పుడు ఏం చేయాలి అన్నది నేర్పుతాడు. ఇంట్లోవాళ్లను కూడా కూర్చోబెట్టి మాట్లాడతాడు. నెలలు పడుతుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు కాలు జారడం కూడా ఉంటుంది. టైఫాయిడు తిరగబెట్టినట్టే ఇదీ తిరగబెడుతుంది. అంతమాత్రాన చేసిన వైద్యమంతా వృథా అనుకోరాదు.

లెక్క వేద్దాం

ఇక అసలు సంగతికి వస్తాము. ఒక ఇల్లు అనుకుందాం. యజమాని మెకానిక్కు. రోజుకు 600 రూపాయలు వస్తాయి. భార్య బట్టలు కుట్టి రోజుకు 400 సంపాదిస్తుంది. జూదం వల్ల లక్ష రూపాయల అప్పు అయింది. వడ్డీ నూటికి నెలకు మూడు రూపాయలు. మన మార్కెట్లో ఇది వింత వడ్డీ కాదు.

ఆరు నెలల వైద్యం అనుకుందాం. మొదటి రెండు నెలలు వారానికొకసారి, అంటే 8 సార్లు. తర్వాత నాలుగు నెలలు పక్షానికొకసారి, అంటే మరో 8 సార్లు. మొత్తం 16 సార్లు ఆసుపత్రికి వెళ్లాలి. ఎన్నిసార్లన్నది వైద్యుడు నిర్ణయించేదే గాని, లెక్కకు ఒక అంకె కావాలి గదా.

శ్రీకాకుళంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, అదే మనం రిమ్స్ అనేది, అక్కడికి వెళ్లామనుకుందాం. డాక్టరుకు ఫీజు లేదు. ఇద్దరికీ రానూపోనూ ఆటో, బస్సు కలిపి 120 రూపాయలు వేసుకుంటే 16 సార్లకు 1,920. ఆసుపత్రిలో దొరకని మందులు బయట కొనడానికి నెలకు 500 చొప్పున 3,000. అతని కూలి పోయినది 16 రోజులకు 9,600. తోడు వెళ్లిన భార్య కూలి పోయినది 6,400. మొత్తం 20,920 రూపాయలు.

ఈ అంకెను కొంచెం నిలబడి చూడండి. దాదాపు ఇరవై ఒక్క వేలు అనగానే గుండె గుభేలుమంటుంది. కాని అందులో 16,000 పోయిన కూలి. చేతి నుండి నిజంగా పెట్టేది 4,920 రూపాయలు. నెలకు 820. అంటే వైద్యం ఖరీదైనది కాదు, వైద్యానికి వెళ్లే రోజు ఖరీదైనది. దారి ఖర్చులు, రోజు కూలీ మనల్ని ఆపుతున్నాయి. ఇది తెలిస్తే ఉపాయం కూడా తెలుస్తుంది. తోడు వెళ్లడానికి భార్యకు బదులు పనిలేని పెద్దవారు ఒకరు వెళ్తే 6,400 మిగులుతుంది. డాక్టరు గారిని బతిమాలి, అతనికి పని తక్కువగా ఉండే వారంలో రమ్మనమంటే ఇంకొంత మిగులుతుంది.

అదే విశాఖపట్నంలో ప్రైవేటుగా చూపించామనుకుందాం. డాక్టరుకు, కౌన్సెలింగుకు కలిపి ఒక్కసారికి 1,500 అనుకుంటే 24,000. ఇద్దరికీ రైలు, ఆటో 500 చొప్పున 8,000. మందులు నెలకు వెయ్యి చొప్పున 6,000. కూలి అదే 16,000. మొత్తం 54,000. ధరలు మనిషిని బట్టి, డాక్టరును బట్టి మారుతాయి. మీరు మీ అంకెలు వేసుకోండి. పద్దులు మాత్రం ఇవే: ఫీజు, మందులు, దారి ఖర్చు, పోయిన కూలి. వీటికి అయిదోది ఒకటి కలపాలి. జబ్బు తిరగబెడితే మళ్లీ మొదలుపెట్టడానికి మొత్తంలో నాలుగో వంతు పక్కన ఉంచుకోవాలి. 20,920కి మరో అయిదు వేల చిల్లర కలిపి 26,000 అని రాసుకుంటే తర్వాత తడబడం.

ఇప్పుడు రెండో పలక చూడండి. వైద్యం చేయించకపోతే? లక్షకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 3,000. ఆరు నెలలకు 18,000. ఏడాదికి 36,000. అసలు అలాగే ఉంటుంది. ఇది పాత అప్పుకు మాత్రమే. జబ్బు అలాగే ఉంటే కొత్త అప్పు ఆగదు. దానికి అంకె వేయడం మా వల్ల కాదు, ఎందుకంటే దానికి అడుగు లేదు. కూతురి నగలు, పిల్లల ఫీజు, చివరికి ఇంటి కాగితాలు. వైద్యం ఖర్చుకు ఒక చివర ఉంది, వైద్యం చేయించకపోతే అయ్యే ఖర్చుకు చివర లేదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే మా ప్రసంగం చాలు.

ముందు అప్పు తీర్చడమా, ముందు వైద్యమా?

సాధారణంగా ఇళ్లలో ఏం జరుగుతుంది? సంగతి బయటపడగానే ఏడుపులు, తిట్లు అవుతాయి. తర్వాత బావమరిది కొంత, అన్న కొంత వేసుకొని, ఉన్న బంగారం అమ్మి, అప్పు మొత్తం ఒక్కరోజులో తీర్చేస్తారు. ఖురాను మీద చెయ్యి వేయించి తోబా చేయిస్తారు. ఇక అయిపోయిందనుకుంటారు. నాలుగు నెలలకు మళ్లీ అప్పులవాళ్లు గుమ్మంలోకి వస్తారు.

ఎందుకలా? అప్పు జ్వరం లాంటిది, జబ్బు లోపల ఉంది. అప్పు తీరిందనగానే ఆ మనిషికి అప్పు పుట్టే తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. తాను ఎంత పోగొట్టినా ఎవరో ఒకరు తీరుస్తారన్న ధీమా కూడా లోపల కూర్చుంటుంది. తీర్చినవాళ్ల దగ్గర వైద్యానికి పైసా మిగలదు.

కాబట్టి వరుస మార్చాలి. మొదటి రోజు చేయవలసినది డబ్బు కట్టడం కాదు, కాగితం మీద పెట్టడం. ఎవరికి ఎంత, ఏ వడ్డీకి, నోటు ఉందా, తాకట్టు ఉందా అన్నీ రాయాలి. రెండవది, డబ్బు చేతులు మార్చాలి. జీతమో కూలో భార్య గాని తల్లి గాని చూసే ఖాతాలో పడాలి. అతని ఫోనులో డబ్బు పంపే సౌకర్యం తీసేయాలి, లేదా రోజు పరిమితి బాగా తగ్గించాలి. అతనికి రోజు ఖర్చుకు కావలసింది చేతికివ్వాలి. ఇది అవమానం కాదు, కాలు విరిగినవాడికి కట్టు కట్టడం వంటిది. మూడవది వైద్యం మొదలుపెట్టాలి. నాలుగవది, వైద్యం నడుస్తుండగా అప్పులవాళ్లతో మాట్లాడి, వాయిదాల మీద తీర్చాలి.

ఇక్కడ చట్టం ఒకటి తెలిసి ఉండాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు. పందెంలో గెలిచిన సొమ్ము ఇప్పించమని బుకీ కోర్టుకు పోలేడు. కాని ఆడడానికి వేరొకరి దగ్గర అప్పు తెచ్చి నోటు రాసిస్తే సంగతి వేరు. దాన్ని వకీలుకు చూపాలి. వకీలు ఫీజుకు భయపడనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు, తక్కువ ఆదాయం గలవారికి ఉచిత న్యాయసహాయం ఉంది. శ్రీకాకుళం కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ వారిని అడగవచ్చు. ఫోన్లో అప్పులిచ్చి, తర్వాత బంధువులకు ఫొటోలు పంపి బెదిరించే వాళ్లుంటే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. సిగ్గుతో మరో అప్పు తెచ్చి వాళ్ల నోట్లో పోయరాదు.

ఎక్కడికి వెళ్లాలి?

మొదటి మెట్టుకు ఖర్చే లేదు. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ దొరుకుతుంది. 2022 అక్టోబరు 10న మొదలైంది. పగలు రాత్రి, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. రోగి రానంటే భార్యే, తల్లే చేసి సలహా అడగవచ్చు. రెండవ మెట్టు శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం. మూడవది విశాఖపట్నం వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. "అమ్మో, పిచ్చాసుపత్రా!" అని మనవాళ్లు వెనుకడుగు వేస్తారు. కంటికి కంటి ఆసుపత్రి ఉన్నట్టే మనసుకు ఇదొకటి. ఫోను ఆటల వ్యసనానికి బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2014 నుండి ప్రత్యేక క్లినిక్కు నడుస్తున్నది. అంత దూరం అందరూ పోనక్కరలేదు, ఇక్కడి డాక్టరు పొమ్మంటే పోవాలి.

ప్రైవేటు డి-అడిక్షన్ కేంద్రంలో నెల రోజులు పెట్టాలనుకునేవారు డబ్బు కట్టకముందే అయిదు ప్రశ్నలు అడగండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్టరైందా? అర్హతగల మానసిక వైద్యుడు వచ్చి చూస్తాడా? తాగుడుకేనా, జూదానికి కూడా కౌన్సెలింగు ఉందా? ఇంట్లోవాళ్లను కలవనిస్తారా? మొత్తం ఖర్చు, మందులతో సహా, కాగితం మీద రాసిస్తారా? ఒక్కదానికి తడబడినా వెనక్కు రండి.

తాయెత్తులు, మంత్రించిన నీళ్ల పేరిట ఆమిల్ అని చెప్పుకునేవాళ్లకు వేలకు వేలు పోసేవారున్నారు. దువా వేరు, వ్యాపారం వేరు. జబ్బును దించిన అల్లాయే దానికి మందును కూడా దించాడని మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం బోధించారు. కనుక వైద్యం చేయించడం ఈమానుకు లోటు కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చే మానసిక రోగులను ఉంచే ఒక షెడ్డుకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివేసి ఉన్నందున పారిపోలేక 28 మంది చనిపోయారు. 2017 చట్టం మానసిక రోగులను గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. మన వాళ్లను ఎక్కడికి తీసుకువెళ్తున్నామో కళ్లు తెరిచి చూడాలని ఈ సంగతి గుర్తు చేస్తున్నాము.

ఇన్సూరెన్సు ఇస్తుందా?

ఈ ప్రశ్నకు అవునని, కాదని రెండూ చెప్పవలసి వస్తుంది. 2017 చట్టం 21వ సెక్షను ప్రకారం శరీరపు జబ్బులకు ఎలాగో మానసిక జబ్బులకూ అలాగే ఇన్సూరెన్సు ఇవ్వాలి. వినడానికి బాగుంది. కాని పాలసీ కాగితం వెనుక మినహాయింపుల జాబితా ఉంటుంది. అందులో పన్నెండవ కోడు కింద తాగుడు, మత్తుమందులతో పాటు "ఏ వ్యసనమైనా" దాని వైద్యానికి ఇవ్వము అనే అర్థంతో ఒక షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. జూదాన్ని ఆ గంపలో వేసి కాదనవచ్చు. పైగా ఆసుపత్రిలో చేరితేనే ఇచ్చే పాలసీలే ఎక్కువ. మన వైద్యమేమో చాలావరకు చేరకుండా వెళ్లి వచ్చేది. కనుక ఏజెంటు నోటిమాట నమ్మకండి. "జూదవ్యసనానికి, దానితో వచ్చిన దిగులు జబ్బుకు ఇస్తారా?" అని రాసి అడిగి, రాసిన జవాబు తీసుకోండి. ప్రభుత్వ ఉద్యోగులు తమ హెల్తు కార్డును, తెల్లకార్డు వారు ఎన్టీఆర్ వైద్యసేవను ఆసుపత్రిలోని కౌంటరులో ముందే చూపి అడగాలి. వస్తే అల్హమ్దులిల్లాహ్. రాదనుకొనే లెక్క వేసుకోవడం క్షేమం.

బ్రిటనులో 2025 ఏప్రిల్ నుండి జూదపు కంపెనీల మీద తప్పనిసరి సుంకం వేసి, ఆ సొమ్ములో సగం ప్రభుత్వ వైద్యసేవ ద్వారా జూదరుల చికిత్సకు ఖర్చు పెడుతున్నారు. జబ్బు అంటించినవాడి చేతే మందు కొనిపించడమన్నమాట. మన దగ్గర అట్టి ఏర్పాటు లేదు. ఇక్కడ ఆ భారం పడేది భార్య మెడలోని నల్లపూసల మీద. అందుకే సంఘం మాట ఎత్తుతున్నాము.

సంఘానికి మా ప్రతిపాదన

"తప్పు చేసినవాడికి మన చందా డబ్బులా? చదువుకునే పిల్లలకివ్వండి" అని ఒక ఆక్షేపణ వస్తుంది. ఆ ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. దానికి మా జవాబు ఇది. జూదగాడి పిల్లలు కూడా చదువుకునే పిల్లలే. వాళ్ల స్కాలర్‌షిప్పు డబ్బు ఆ ఇంట్లోకే పోతుంది. ఇంటికి చిల్లి పూడ్చకుండా బిందెలో నీళ్లు పోస్తే ఏమి లాభం?

సభ వారి ముందు నాలుగు అంశాలు పెడుతున్నాము.

ఒకటి. ఏడాదికి 50,000 రూపాయలు చికిత్స సహాయం కింద విడిగా ఉంచాలి. ఇంటికి 4,920 చొప్పున లెక్కిస్తే దాదాపు పది ఇళ్ల దారి ఖర్చు, మందుల ఖర్చు సరిపోతుంది. సొమ్ము రోగి చేతికి ఇవ్వరాదు. తోడు వెళ్లినవారికి దారి ఖర్చు, దుకాణానికి మందుల బిల్లు, అంతే.

రెండు. తోడు వెళ్లేందుకు రిటైరైన పెద్దలు, తీరిక ఉన్న యువకులు పదిమంది పేర్లు ఇవ్వాలి. మేము లెక్క వేసినట్లు, ఒక్క మనిషి తోడు ఒక ఇంటికి 6,400 రూపాయలతో సమానం. డబ్బు ఇవ్వలేని సభ్యులు ఈ విధంగా ఇవ్వగలరు.

మూడు. జూదపు అప్పు సంఘం తీర్చరాదు. కాని మూడు నెలలు వైద్యం సక్రమంగా నడిచి, ఇంటి డబ్బు వేరొకరి చేతిలో ఉన్నదని రుజువైతే, వడ్డీ అప్పు నుండి బయటపడటానికి కర్జె హసనా ఇవ్వవచ్చు. లక్షకు వడ్డీ ఆగితే నెలకు 3,000 అసలు కింద తీరుతుంది. ఇక జకాతు సంగతి. అత్తౌబా సూరా 60వ ఆయతులో జకాతుకు అర్హులైన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో మునిగినవారు కూడా ఉన్నారు. పాపపు పనిలో చేసిన అప్పుకు, తోబా చేసిన తర్వాత ఇవ్వవచ్చునా అనేది ఉలమాలు తేల్చవలసిన మాట. ఫత్వా అడిగి, దాని ప్రకారమే నడవాలి. పేదరాలైన భార్యకు, పిల్లలకు వాళ్ల పేరునే ఇవ్వడం గురించి కూడా అడగాలి.

నాలుగు. ఇది ముఖ్యం. సహాయం అడిగినవారి పేరు కార్యవర్గంలో ఇద్దరికే తెలియాలి. ఒక పురుషుడు, ఒక స్త్రీ. పద్దులో పేరుండరాదు, నంబరుండాలి. ఆడిటరుకు బిల్లులు చూపితే చాలు. ఇజ్జతు పోతుందన్న భయమే లేకపోతే సగం మంది మొదటి పదివేల అప్పు దగ్గరే వచ్చి చెప్తారు. లక్ష దాకా పోనివ్వరు.

చివరిగా

అక్కచెల్లెళ్లకు ఒక మాట. భర్త తప్పు దాచడం మీ ధర్మమనుకొని నగలు ఒక్కొక్కటి తీసివ్వకండి. మీరు ఇచ్చే గాజు అతన్ని కాపాడదు, ఇంకో ఆట ఆడిస్తుంది. బ్యాంకు కాగితం మీద, జామీను మీద తెలియకుండా సంతకం పెట్టవద్దు. ఇంట్లో ఎవరైనా "నేనుండి ఏం లాభం" అన్న మాట అన్నాడంటే అది బెదిరింపు అని కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే 14416కి గాని 108కి గాని ఫోను చేసి, ఆసుపత్రికి తీసుకుపోండి. ఆ రాత్రి లెక్కలు, అప్పులు, తిట్లు అన్నీ పక్కన పెట్టండి. ప్రాణం ఉంటే అప్పు తీరుతుంది.

ఆడుతున్న తమ్ముళ్లు ఈ హాల్లో ఉంటే వారికి కూడా ఒక మాట. పోయిన డబ్బు ఆటలో లేదు బేటా, అది ఎప్పుడో ఆట నడిపేవాడి ఇంట్లోకి పోయింది. తిరిగి వచ్చేది నీవు మాత్రమే. అప్పు ఎంతో ఒక్కరికి, ఒకే ఒక్కరికి, నిజం చెప్పు. చెప్పిన రోజు నుండి ఖర్చు తగ్గడం మొదలవుతుంది.

మా అంకెల్లో ఏదైనా మీ అనుభవానికి సరిపడకపోతే దిద్ది చెప్పండి, సంతోషిస్తాము. కాని ఈ లెక్క కాగితం మీదనే ఉండిపోకుండా, ఈ సర్వసభ్య సమావేశమే ఆ నాలుగు అంశాల మీద అవునో కాదో తేల్చాలని కోరుతున్నాము. అల్లా మన ఇళ్లలో బర్కతు, మన పిల్లల్లో నిగ్రహం, మన చేతుల్లో ఒకరికొకరు ఆదుకునే శక్తి ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుం వ రహ్మతుల్లాహ్.